బారియోలో దొరకని గెరావత్

బోర్నియో దీవిలో మా బారియో కొండల్లో ఎవరి పేరు చెప్పినా, ఆ మనిషి ఏ గుమ్మంలో కూర్చున్నాడో కళ్లు మూసుకుని చెప్పేస్తాను.

రినై మా కొండపిల్లే. కూచింగ్ నగరంలో మూలకణాల దాతల రిజిస్టర్ చూస్తుంది. మూడేళ్ల కిందట పైఅధికారి, దాతలందరినీ నగరంలోనే చేర్చుకుంటే పని తేలికన్నాడు.

"కణాల గుర్తులు ప్రాంతానికో తీరుగా ఉంటాయి సార్. కొండవాళ్లకి జత దొరికితే కొండల్లోనే దొరకాలి," అని పోట్లాడి, చిన్న విమానమెక్కి వచ్చి, నాలుగొందల మంది బుగ్గల లోపల దూదిపుల్లతో తుడిచి నమూనాలు పట్టుకెళ్లింది.

ఈ ఏడు మా కొండల పాప ఒకతెకి రక్త క్యాన్సర్. తొమ్మిదేళ్లది. పేరు చెప్పడం వాళ్ల రూల్ ఒప్పుకోదు. సొంత అక్క కణాలే కలవలేదు. రిజిస్టరంతా గాలిస్తే కలిసింది ఒక్కడివి: గెరావత్, తండ్రి లియాన్, బారియో. ఫోన్ పలకలేదు. నెల దాటితే పాప తట్టుకోలేదన్నారు డాక్టర్లు. రినై పరుగున మా గుమ్మంలోకి వచ్చింది.

"గెరావతా? అలాంటివాడు ఇక్కడ లేడమ్మా," అన్నాను నేను.

"పోనీ, లియాన్ కొడుకు, తాతా!"

"ఆ లియానూ లేడు. నాకు తెలీకుండా ఉంటాడా?"

రినై కాగితంలోని పేర్లు మళ్లీ చదివింది. అనాసలు కోస్తున్న పక్కింటి బులాన్ కత్తి ఆపింది.

"ఎప్పుడు రాసుకున్న పేర్లే అవి?"

"మూడేళ్లయింది అత్తా."

"ఓసి పిచ్చిదానా! పట్నం నీళ్లు తాగి మన పద్ధతే మరిచావా? బిడ్డ పుడితే అమ్మానాన్నలకి పాత పేరుంటుందా? తాతకి మాత్రం ఉంటుందా? నిరుడు ఆ కొత్త పేర్ల విందులో ఈ ముసలాయన మూడుసార్లు వడ్డించుకున్నాడు, అడుగు!"

నిజమే. గెరావత్ ఇప్పుడు మారన్. ఆ లియాన్ ఎవరో కాదు, రోజూ పొద్దున్నే నాతో టీ తాగే మనిషే. పాత పేరు నా బుర్రలోంచి ఎప్పుడో ఎగిరిపోయింది.

మారన్ పొలంలోంచి బురదకాళ్లతో వచ్చాడు. రినై సంగతి చెప్పింది.

"నొప్పా అక్కా?"

"నడుం ఎముకలోంచి కణాలు తీస్తారు, రెండ్రోజులు పట్టేస్తుంది."

"మా ఆవిడ కాన్పు చూశాను. దాని ముందు ఇదెంత? ఎప్పుడు బయల్దేరాలి?"

విమానం దగ్గర తూకంలో బంధువులిచ్చిన అనాసలతో బరువు మించిపోతే, పైలట్ తన బూట్లు విప్పి ఇక్కడే వదిలేసి ఎగిరాడు.

ఆరు వారాలకి కబురొచ్చింది. పాప ఒంట్లో కొత్త కణాలు నిలదొక్కుకున్నాయట, అన్నం అడిగి తింటోందట. రినై తన ఫారంలో పాత పేరుకో గడి, కొత్త పేరుకో గడి పెట్టింది. ఇకనుంచి నమూనాలు పేర్ల విందుల్లోనే తీస్తుంది. ఏ లోయలో ఉన్న చుట్టమైనా అక్కడికి రాక తప్పదు కదా!

పైలట్ బూట్ల ముచ్చట మాత్రం నా కల్పన. అతను విప్పలేదు, నాలుగు అనాసలు దింపించాడు. అవి నేనే తిన్నాను.