తాళాలు తీసిన సంతరోజు

బిస్సమ్ కటక్‌లో సూర్యావతమ్మ తాళాల గుత్తిని మొగుడి చేతికి కూడా ఇచ్చి ఎరగదు. అలాంటి మనిషి కోడలు బిందుశ్రీకి నొప్పులొచ్చాయని, సంతరోజున, పట్టపగలు, కొట్టుకీ గోడౌనుకీ ఇనప్పెట్టెకీ తాళాలు తీయించేసింది. బస్తాల మూతులు కూడా విప్పించింది. ఇంట్లో తాళమూ ముడీ ఉంటే కాన్పు అడ్డుపడుతుందట.

నేను ఆసుపత్రిలో నర్సుని, నాకు నవ్వు ఆగలేదు. "బిడ్డ రావాల్సింది మీ గోడౌన్లోంచి కాదమ్మా," అన్నాను.

"నీకేటి తెలుసు దొర్కా? నీ పని సూసుకో."

నా పని సాగితే కదా! బిందుశ్రీ అలిసిపోయింది. బిడ్డ గుండె చప్పుడు మందగిస్తోంది. అమృతరావు డాక్టరుగారు బిడ్డ తలకి వాక్యూమ్ కప్పు తగిలించి, నొప్పి వచ్చినప్పుడల్లా లాగారు. తల బయటికి రాలేదు, కప్పు ఊడొచ్చింది. మళ్లీ పెట్టారు. మళ్లీ ఊడింది.

"ఇంకొక్కపాలి లాగండి బాబూ!" తలుపు దగ్గర్నుంచి సూర్యావతమ్మ అరిచింది.

"ఇంక లాగితే బిడ్డకి దెబ్బ. కోసి తియ్యాలి," అని ఆయన కప్పు పక్కన పెట్టేశారు. పంతానికి పోని మగవాణ్ణి ఆ రోజే చూశాను. బిందుశ్రీ సరేనని తలూపింది.

మత్తిచ్చి పొట్ట కోశాక తెలిసింది, తల బాగా కిందికి దిగి ఎముకల మధ్య బిగుసుకుపోయిందని. పైనుంచి తీస్తే రావడం లేదు. "దొర్కా, కిందనుంచి ఎత్తు," అన్నారు. కిందనుంచి చెయ్యి పెట్టి, వేళ్లు పరిచి, తలను మెల్లగా పైకి నెట్టాను. కదలదే! ప్రభువా, ప్రభువా అనుకుంటూ ఉండగా సడలింది. అప్పుడు డాక్టరుగారి వేళ్లు నా వేళ్లకి తగిలాయి. ఒక మనిషి లోపల, ఇంకో మనిషి కోసం, మా చేతులు కలుసుకున్నాయి. చర్చిలో కూడా దేవుడు నాకంత దగ్గరగా ఎప్పుడూ అనిపించలేదు.

బరువు పైకి వెళ్లిపోయింది. అరచెయ్యి ఖాళీ అయింది. బిడ్డ ఏడవలేదు. తుడిచారు, వీపు రుద్దారు. అప్పటికి కేరుమంది, ఆడపిల్ల.

గుడ్డలో చుట్టి బయటికి తెచ్చాను. బిడ్డ తాత, సూర్యావతమ్మ మొగుడు సింహాచలంగారు కళ్లు తుడుచుకుని, "ఇంక ఎల్లి తాళాలేసొస్తాను. సంత జనం తిరుగుతున్నారు," అంటూ చెప్పుల్లో కాళ్లు పెట్టారు.

సూర్యావతమ్మ మనవరాలిని చూసింది గానీ చేతులు చాపలేదు. మూసి ఉన్న ఆపరేషన్ గది తలుపు వైపే చూస్తోంది.

"ఆగండి. బిడ్డొచ్చింది గానీ తల్లింకా రానేదు. నా కోడలు బయటికొచ్చినదాకా ఒక్క తాళమూ ఎయ్యొద్దు. పోయిందేదో పోనీండి."

ఈసారి నాకు నవ్వు రాలేదు. లోపలికి వెళ్తూ వెళ్తూ, ఎవరూ చూడకుండా నర్సుల గదిలోని నా బీరువా తాళం కూడా తీసేశాను.