ఉరుము పెట్టమన్నారు

సినిమా సంగతి చెప్పాలంటే అరిగిపోయిన సరుకే. బ్యాంకు దోపిడీ, రెండు హత్యలు, ఒక ఇన్‌స్పెక్టరు, గోడౌనులో కొట్లాట. హంతకుడెవరో మొదటి పాట అవకముందే తెలిసిపోతుంది. మా చానల్ ఆదివారం వేస్తుందట. దాని సౌండు బాగుచేసే పని నా నెత్తిన పడింది. తిట్టుకుంటూనే మొదలుపెట్టాను.

ఇన్‌స్పెక్టరు వేషం వేసినాయన్ను చూశాక తిట్లు ఆగిపోయాయి. హంతకుడు తన తమ్ముడేనని ఆయనకు ఫోనులో తెలుస్తుంది. ఇంకొకరైతే గోడకు తల బాదుకునేవారు. ఈయన రిసీవరు పెట్టేసి, తమ్ముడు సగం తిని వదిలేసిన పళ్ళెం మీద మూత పెడతాడు. తీస్తాడు. మళ్ళీ పెట్టబోయి ఆగిపోతాడు. మాట లేదు, సంగీతం లేదు. ఆ సీను వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను.

చిక్కల్లా మా మెషీనుతోనే. ప్రసారానికి ముందు ప్రతి సినిమానూ అది తనిఖీ చేస్తుంది. కాసేపు ఏ చప్పుడూ లేకపోతే చాలు, సౌండు పోయిందనుకుని వెనక్కి కొడుతుంది. దానికి నటన తెలుస్తుందా, నా మొహం!

మేనేజరు వచ్చి చూశాడు. "ఏముందమ్మా, ఒక ఉరుము పడెయ్. అయిపోతుంది."

"ఉరుమా? కిటికీలోంచి ఎండ పడుతోంది సార్!"

"ఎవరు చూడొచ్చారు? ఆదివారం జనం కునుకు తీస్తూ చూస్తారు."

ఒళ్ళు మండింది. ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చివరికి అదే సినిమాలో ఖాళీ గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు వెతికి పట్టుకుని, ఆ సీను కింద సన్నగా పరిచాను. మెషీను ఒప్పుకుంది. గెలిచాననుకుని ఇంటికొచ్చి, ఆ పళ్ళెం సీను తప్పకుండా చూడమని అత్తయ్య ప్రాణం తీశాను.

ఆదివారం ఇద్దరం టీవీ ముందు కూర్చున్నాం. గోడౌను రౌడీలను చూసి, "ఈ మాత్రం దానికా ఇంత హడావుడి చేశావ్?" అని అత్తయ్య దెప్పింది. అంతలో తెర మీద ఇన్‌స్పెక్టరుకు ఫోను మోగింది. ఆయన రిసీవరు పెట్టేశాడు. పళ్ళెం వైపు చెయ్యి చాపాడు.

ఢమాల్మని ఉరుము. ఒకటి కాదు, వరసగా మూడు. వెనకాల వయొలిన్లు కూడానూ. నేను ఇటు రాగానే మేనేజరు తన పని కానిచ్చేశాడన్నమాట.

"పాడు చేశాడత్తయ్యా, మొత్తం పాడు చేశాడు!" ఏడుపొచ్చేసింది. రిమోటు విసిరికొట్టబోయాను.

"ఇటివ్వు," అంటూ అత్తయ్య దాన్ని లాక్కుంది. చానల్ మారుస్తుందనుకున్నాను. సౌండు మొత్తం తీసేసింది.

"ఊరుకోవే," అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "పాపం, మూత పెట్టలేకపోతున్నాడు."