పూతకు రాని మొక్క

పొద్దున లేవగానే బువాలై కళ్ళజోడు పెట్టుకుని గంజాయి మొక్కల దగ్గరికి పోతుంది. పూతకు ముందొచ్చే తెల్లటి నూగు మొదలైందేమోనని కణుపు కణుపూ వెతుకుతుంది. మెకాంగ్ ఒడ్డున మా ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఆవిడ పని ఇదే. ఏటా అన్నిటికంటే ఆలస్యంగా పూసిన మొక్క విత్తనమే దాచేది. ఐదు నెలలకు పూసే రకాన్ని ఏడాది దాకా సాగదీసింది.

ఎందుకంటారా? జబ్బు మనిషి మణికట్టుకు కట్టిన తెల్లదారంలో సగం తెంపి మొక్కకు కడితే, అది పూసేదాకా ప్రాణం పోదు, పూసిందా ఇక ఆగదు. అందుకే ఎవరింట్లో మంచం పట్టినా బువాలై దగ్గరికే పరిగెత్తేవాళ్ళు.

ఆడపడుచు సొంపన్ పట్నం నుంచి ఎనిమిది వారాలకే పూసే రకం తెచ్చి పక్క పెరట్లో వేసింది. ఆ పుప్పొడి గాలికొచ్చి తన విత్తనం పాడుచేస్తుందని బువాలై నానా తిట్లూ తిట్టి, మగ మొక్కలన్నీ తనే వెళ్ళి పీకేసింది. అప్పట్నుంచీ వాళ్ళకు మాటల్లేవు.

తర్వాత బువాలై మొగుడు ఖామ్‌సింగ్‌కు కాలేయం చెడింది. కాలేయానికి పురుగు పడుతుంది, వద్దంటే వినకుండా పచ్చిచేపలు తిన్నాడు మరి. ఆవిడ ఏరి ఏరి మహా మొండి మొక్కకు అతని దారం కట్టింది. మూడేళ్ళు గడిచాయి. మొక్క చూరు దాటింది గానీ పూత లేదు. ఊరంతా మెచ్చుకుంది. ఖామ్‌సింగ్ మాత్రం ఎముకల గూడై, పడుకున్న చాపను నొప్పికి గోళ్ళతో పీకుతున్నాడు.

ఒక పొద్దున అడిగాడు, "పూసిందా?"

"లేదుగా," అంది సంబరంగా.

అతను గోడవైపు తిరిగి ఏడ్చాడు. "నీకోసం ఇన్నాళ్ళు ఓర్చుకున్నానే. ఇంక నావల్ల కాదు."

పొయ్యిమీద అన్నం మాడిపోయినా ఆవిడ లేవలేదు. దాహానికో చీకటికో పూస్తుందేమోనని ఆ రోజు నుంచి మొక్కకు నీళ్ళు మానేసింది, చాపలు కప్పి చీకటి చేసింది. అది చలించలేదు. ఆ మొండితనం తను నేర్పిందే. నరికితే ప్రాణం సగంలో చిక్కుకుంటుందని మావాళ్ళెవరూ ఆ పని చెయ్యరు.

చివరికి పక్క పెరట్లోకి వెళ్ళింది.

"ఏం వదినా, మళ్ళీ పీకడానికొచ్చావా?" అంది సొంపన్.

"ఒక మొక్క కావాలి."

సొంపన్‌కు అర్థమైంది. ఎంతైనా అన్న. కళ్ళు తుడుచుకుని, మొగ్గకొచ్చిన కుండీ ఒకటి తెచ్చింది. "దీనికి ఇంకో పది రోజులే."

"అంత పెద్దది వద్దు. మొలకుంటే ఇవ్వు."

గోడ అవతల గోళ్ళు చాపను గీకుతున్న చప్పుడు వినిపిస్తోంది. బువాలై కాసేపు విని, పెద్ద కుండీయే చంకనెత్తుకుంది.

పాత మొక్క నుంచి దారం విప్పి దీనికి కట్టి, మొగుడి తలాపున పెట్టింది. పది రోజులూ కళ్ళజోడు ముట్టుకోలేదు. పదకొండో పొద్దున వాసన ముందు అతనికే తగిలింది.

"పూసింది కదూ?" అన్నాడు.

"పూసింది," అంది, అతని చెయ్యి పట్టుకుని. అన్నం ఉడికే లోపే వెళ్ళిపోయాడు.

ఆ మొండి మొక్క ఇప్పటికీ పూయలేదు. బువాలై దగ్గర పాత విత్తనం ఇంకా ఉంది, నారు పోస్తూనే ఉంది. కానీ ఎవరైనా మొక్క కోసం వస్తే, ముందు ఇంటికెళ్ళి జబ్బు మనిషిని అడిగి రమ్మంటుంది.