తోక ముక్క

అన్నం చివరిసారి వేడిగా ఎప్పుడు తిన్నదో బాసంతికి గుర్తు లేదు. మొగుడు నీలరతన్ కలకత్తా వానలో చేపల బజారు దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పటి నుంచీ రెండు పూటలా ఆమెకు అదే పని. అన్నం కలపాలి, చేప ముళ్ళు ఏరాలి, ముద్ద ఆయన నోటికి అందించాలి. చెంచా ఇస్తే విసిరికొట్టాడు.

"ఎడమ చేత్తో అన్నం తినే ఖర్మ నాకేం పట్టింది?"

ఆ ఖర్మ ఎవరికి పట్టిందో ఆయన అడగలేదు. ఆయన త్రేన్చి లేచేసరికి ఆమె కంచంలో అన్నం చల్లారిపోయేది, నడుము పట్టేసేది.

పిండికట్టు విప్పి చాలా రోజులైనా వేళ్ళు వంగలేదు. ఫిజియోథెరపీ చేయించే సుదేష్ణ రోజు విడిచి రోజు ఇంటికి వస్తుంది. చెయ్యి వేన్నీళ్ళలో పెట్టిస్తుంది, మెత్తని బంతి పిసికిస్తుంది, బొటనవేలిని ఒక్కొక్క వేలికీ తాకించమంటుంది. ఆ పిల్ల ఉన్నంతసేపూ నీలరతన్ మూలుగుతూ చేస్తాడు. ఆమె గడప దాటిందా, బంతి మంచం కిందికి పోతుంది. వంగి తీసేది మళ్ళీ బాసంతే.

ఒకరోజు సుదేష్ణ భోజనాల వేళకు వచ్చి ఆ తినిపించడం చూసింది.

"అయ్యో మాషీమా, ఇంకా మీరే పెడుతున్నారా?"

"ముళ్ళ చేప కదమ్మా. గొంతులో గుచ్చుకుంటే?"

"నా బంతి కన్నా మీ ఇలిష్ చేపే నయం. ముల్లు తీయాలంటే రెండు వేళ్ళూ కలవాల్సిందే కదా! ఇప్పుడు వంచకపోతే ఈ వేళ్ళు ఇలాగే బిగిసిపోతాయి. తర్వాత ఎంత పెద్ద డాక్టరొచ్చినా చేసేదేం లేదు. ప్రేమకొద్దీ మీరే ఆయన చెయ్యి పాడుచేస్తున్నారు."

ప్రేమట! బాసంతికి ఒళ్ళు మండింది. ప్రేమ ఉందో లేదో చూసుకునే ఓపిక కూడా ఆమెకు మిగల్లేదు. కానీ ఆ చెయ్యి అలాగే బిగిసిపోతే బతికినంతకాలం తినిపిస్తూ కూర్చోవాలి.

ఆదివారం ఆవపిండి వేసి ఇలిష్ వండింది. ఆ ఇంట్లో పొట్ట ముక్క ఎప్పుడూ మగవాడిది, నిండా ముళ్ళుండే తోక కోడలిది. కాపురానికి వచ్చిన రోజే అత్తగారు అలా వడ్డించింది, తర్వాత ఎవరూ మార్చలేదు. ముళ్ళు ఎంత ఎక్కువుంటే వేళ్ళకు అంత పని కదా అని బాసంతి ఇవాళ తోక ఆయనకు వేసింది. పొట్ట ముక్క తన కంచంలో వేసుకుని ఎదురుగా కూర్చుంది.

"ఇదేంటి, నాకు తోకేశావ్?"

"మీ వేళ్ళకి మందు."

"సరే, తినిపించు."

"నేను తింటున్నాను కదా."

ఆయన మొహం ముడుచుకుని కూర్చున్నాడు. ఆమె తింటూనే ఉంది. వేడి అన్నం కడుపులో పడుతుంటే తన మీద తనకే జాలేసింది.

ఆకలికి ఆగలేక ఆయన చెయ్యి ముందుకు చాపాడు. ముల్లు దొరికినట్టే దొరికి జారిపోయింది. చేపను తిట్టాడు, జాలరిని తిట్టాడు, సుదేష్ణను తిట్టాడు. నుదుట చెమట పట్టింది. సాయం చేయబోయిన తన ఎడమ చేతిని బాసంతి తొడ కింద నొక్కిపెట్టుకుంది. చివరికి ఆయన బొటనవేలు చూపుడువేలిని తాకింది. ఒక ముల్లు కంచం అంచుకు చేరింది.

"మనిషన్నవాడు తినే ముక్కేనా ఇది? దీన్నెవరు తింటారసలు?"

"నేను."

"ఎప్పుడు?"

"పెళ్ళైనప్పటి నుంచీ."

నీలరతన్ తల వంచుకుని ఇంకో ముల్లు కోసం వెతికాడు. అది వచ్చేసరికి చాలాసేపు పట్టింది. ముద్ద నోట్లో పెట్టుకుని మెల్లగా అన్నాడు.

"అన్నం చల్లారిపోయింది."

"అలవాటైపోతుందిలెండి," అంది బాసంతి, పొట్ట ముక్కలో ఆఖరి తునక నోట్లో వేసుకుంటూ.