బంగారు రంగు ముక్కు

చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే దామోదరం ఆరుగురు కూర్చునే పాత విమానం ఒకటి కొన్నాడు. రోడ్డు మీద పోయేవాళ్ళంటే ఆయనకు అప్పటి నుంచీ జాలి.

దాన్ని నడపడానికి ఏర్పేడు అమ్మాయి కెప్టెన్ నిస్సీని పెట్టుకున్నాడు. వానలు మొదలుకాకముందే వాతావరణాన్ని పసిగట్టే పరికరం బిగించాల్సిందేనని నిస్సీ పట్టుబట్టింది.

“రాడారైతే ముందరుండే వానను చూపిస్తుంది సార్. ఇంకోటి మెరుపుల్ని కనిపెడుతుంది. ఉపగ్రహం బొమ్మలు కూడా తెప్పించుకోవచ్చు గానీ, అవి మనకు అందేలోగా మబ్బు ఇంకోచోటికి పోయుంటుంది. చిన్న రాడారు, మెరుపులది, రెండూ ఉంటే చాలు.”

“మెరుపు నా కంటికే కనపడతాదే, దానికి మిషనెందుకుమ్మా? రాడారే పెడదాం. తెర మాత్రం పెద్దది సూడు. ఎనక కూర్చున్నోళ్ళకి కూడా కనపడల్ల.”

విమానం ముక్కులో పెద్ద రాడారు కూర్చుంది. నిస్సీ సెలవు ముగించుకుని వచ్చేసరికి ఆ ముక్కు బంగారు రంగులో ధగధగలాడుతోంది. ఆమె దాన్ని వేలితో రుద్ది చూసింది.

“ఈ రంగులో లోహపు పొడి కలిపినారా సార్?”

“కలపకుండా ఆ మెరుపు యాడనుంచి వస్తాది?”

“రాడారు ఆ ముక్కులోంచే చూడాలి. లోహం అడ్డమొస్తే కళ్ళకు గంతలు కట్టినట్టే.”

“అంత పెద్ద రాడారుకి ఇంత రంగు అడ్డమా?” అని నవ్వాడు దామోదరం.

అప్పటికే ఆయన స్నేహితుడు, పండ్ల ఎగుమతిదారు బాలసుబ్రమణ్యం విజయవాడ ప్రయాణానికి రేణిగుంటలో దిగి ఉన్నాడు. ఆకాశం తేటగా ఉంది. నా కంటికి దారి కనిపించినంత వరకే పోతాను, ఆ పైన వెనక్కి తిప్పేస్తానని చెప్పి నిస్సీ విమానం లేపింది.

శ్రీకాళహస్తి దాటాక పులికాట్ వైపు నుంచి నల్లని మబ్బు గోడలా లేచింది. వెనక సీట్లో దామోదరం తెర చూపించి మురిసిపోతున్నాడు.

“సూడప్పా, ఒక్క మబ్బు లేదు.”

బాలసుబ్రమణ్యం కిటికీలోంచి చూశాడు. “మరి ఆ నల్లగా ఉండేదేందబ్బా?”

“మిషనే లేదంటా ఉంటే నీ కన్నెంతప్పా!”

విమానం ఒక్కసారి కిందికి జారింది. బాలసుబ్రమణ్యం చేతిలోని కాఫీ దామోదరం పట్టుచొక్కా మీద పడింది. నిస్సీ విమానం వెనక్కి తిప్పింది.

“తెరలో దారుండాది కదమ్మా, పో!” అని అరిచాడు దామోదరం.

“తెరలోనే ఉండాది సార్.”

రేణిగుంటలో చక్రాలు నేలను తాకేసరికి వాన అందుకుంది. దిగాక నిస్సీకి భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది. రంగు గీకేదాకా ఎక్కనని మొహం మీదే చెప్పింది. దామోదరం ఇంకో పైలట్‌ను పిలిపించాడు. అతను ముక్కు చూసి, కాఫీ తాగి, వెళ్ళిపోయాడు. చేసేది లేక రంగు గీకించి, లోహం లేని తెల్లరంగు వేయించాడు. మరుసటి ప్రయాణంలోనే తెర మీద మబ్బులు కనిపించాయి.

ఆ తర్వాత చిత్తూరు వ్యాపారుల సభలో దామోదరం మైకు అందుకున్నాడు.

“రాడారు ముందర లోహం ఉండకూడదని పైలట్లకే తెలీదు. నేను సూసి చెప్పినాక తెల్లరంగు ఏసినారు.”

వెనక వరుసలో నిస్సీ చేతులు కట్టుకుని కూర్చుంది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు బాలసుబ్రమణ్యం. తిరుగు ప్రయాణానికి మాత్రం ఆయన బస్సు టికెట్ తీసుకునే వచ్చాడు.