బాలింత దాహం

దానయ్య నెల రోజులు సెలవు అడిగితే, రాయ్‌పూర్ శివారు ఉర్లాలో అతను పనిచేసే ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పక్కవాళ్ళు మిషన్లు ఆపి మరీ చూశారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అతను వరసగా నాలుగు రోజులు సెలవు పెట్టింది రెండేసార్లు. ఒకటి తన పెళ్ళికి. రెండోది మొన్న కార్తీకంలో భార్య త్రివేణి పోయినప్పుడు.

"ఇంత సెలవు దేనికి దాదా?" అన్నాడు సూపర్‌వైజర్ యోగేష్.

"కూతురు పురిటికి వచ్చింది. ఇంట్లో ఆడదిక్కు లేదు."

"అయితే నువ్వేం చేస్తావక్కడ? వెల్డింగా?"

షెడ్డంతా నవ్వింది. దానయ్య నవ్వలేదు, కోప్పడలేదు. కాగితం మీద సంతకం పడేదాకా నిలబడి, మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

నిజానికి ఊర్మిళ అత్తగారు మంచి మనిషే. "మీరొక్కరూ ఏం చెయ్యగలరు అన్నయ్యగారూ, పురుడు మేమే పోస్తాం" అంది. బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేస్తున్న అల్లుడు నాగబాబు కూడా అదే నయమన్నాడు. ఊర్మిళే ఒప్పుకోలేదు. "తొలి పురుడు పుట్టింట్లోనే. నాన్న చేస్తాడు" అంది. ఆ మాట దానయ్యకు ధైర్యమూ ఇచ్చింది, భయమూ పెట్టింది.

అతను ఫిట్టరు. డ్రాయింగులో కొలత ఎంత ఉంటే అంతే, దారప్పోగంత కూడా అటూ ఇటూ కానివ్వడు. పథ్యాన్నీ అలాగే పట్టుకున్నాడు. టెక్కలి దగ్గర పల్లెలో ఉండే అక్క అన్నమ్మ, మోకాళ్ళు సహకరించక రాలేనని, ఫోనులోనే అన్నీ చెప్పింది. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, పాలు పడడానికి ఎండు సొరచేప. పప్పు వద్దు, పెరుగు వద్దు, పళ్ళు వద్దు, చారు కూడా వద్దు. చెవుల్లో దూది, తలకు గుడ్డ. చల్లగాలి తగలకూడదు. కాచిన నీళ్ళు పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు.

"నీళ్ళు ఎక్కువైతే ఒళ్ళు నీరు పట్టేస్తాది. జాగర్తరా" అంది అన్నమ్మ. దానయ్య రెండుసార్లు చెప్పించుకున్నాడు.

చైత్రం దాటుతోంది. రాయ్‌పూర్‌లో ఎండ నలభై మూడు చూపిస్తోంది. దానయ్య కూలర్‌ను తన పంచెతో కప్పి తాడు కట్టేశాడు.

పురుడైన నాలుగో రోజున ఊర్మిళ ఆసుపత్రి నుంచి వచ్చింది. ఆటో దగ్గర అతను చెయ్యి అందించబోతే, "నన్ను కాదు నాన్నా, దీన్ని పట్టుకో" అని పాపను అతని చేతుల్లో పెట్టి, గోడ పట్టుకుని తానే నడిచింది. కుట్ల నొప్పికి ముఖం తెల్లబారింది. గుమ్మం దాటాకనే కూర్చుంది.

తన కూతురు తనకు తెలుసనుకున్నాడు దానయ్య. అన్నం మధ్యలో నాలుగుసార్లు లేచే పిల్ల, కుట్టుమిషన్ నేర్చుకుంటానని వారానికే మానేసిన పిల్ల. ఇప్పుడు గంటన్నరకోసారి లేచి, వీపుకు దిండు ఆనించుకుని, పాప నోరు సరిగ్గా అందేదాకా పదిసార్లు, పన్నెండుసార్లు ప్రయత్నిస్తోంది. అతను తెరకు ఇవతల కూర్చుని పాప గుడ్డలు ఇస్త్రీ చేస్తూ వినేవాడు. ఆ పేటలో డాబా మీద ఏం ఆరేసినా సాయంత్రానికి ఫ్యాక్టరీల మసి పడుతుంది. అందుకని ఇంట్లోనే తీగలు కట్టి ఆరేసి, ఒక్కో గుడ్డనూ ఇస్త్రీ చేసేవాడు.

"ఆగవే. తొందరేంటి నీకు, ట్రైన్ ఎళ్ళిపోతుందా?" అనేది ఊర్మిళ లోపల. "అలా కాదు, నోరు పెద్దగా తెరువు. ఆఁ. షాబాష్."

ఒక్కోసారి పళ్ళ సందునుంచి పీల్చిన ఊపిరి వినబడేది. రొమ్ము చిట్లి నొప్పి అని అతనికి అర్థమయ్యేది. తర్వాత మళ్ళీ అదే గొంతు, అదే మెత్తదనం. షెడ్డులో చేతికి నిప్పురవ్వ తగిలితే మొగవాళ్ళు ఎన్ని బూతులు తిడతారో అతనికి తెలుసు.

పాపకు స్నానం అతనే చేయించేవాడు. పీట మీద కూర్చుని కాళ్ళు చాపితే, పాపను వాటి మీద పడుకోబెట్టి ఊర్మిళ నీళ్ళు పోసేది. "అది స్టీలు ప్లేటు కాదు నాన్నా, మెత్తగా రుద్దు" అనేది. అన్నం తిన్నాక ఆమె పుక్కిలించే నీళ్ళు చాలాసేపు నోట్లోనే ఉంచుకుని, కళ్ళు మూసుకుని, తర్వాత ఊసెయ్యడం దానయ్య రెండు మూడుసార్లు చూశాడు. శుభ్రం కాబోలు అనుకున్నాడు.

ఏడో రోజున మితానిన్ సుఖ్‌బతీ వచ్చింది. ఆ వార్డులో ఇంటింటికీ తిరిగి తల్లుల్నీ పిల్లల్నీ చూసే ఆరోగ్య కార్యకర్త ఆమె. యాభై ఏళ్ళుంటాయి. భుజాన సంచి, అందులో వేలాడదీసే తక్కెడ. గుడ్డ జోలెలో పాపను పెట్టి తూచింది. పుట్టినప్పుడు రెండు కిలోల ఏడు వందలు. ఇప్పుడు రెండున్నర.

"మొదట్లో కొంచెం తగ్గుతారు. మళ్ళీ వారానికి సరిపోవాలి" అంది.

మళ్ళీ వారానికి సరిపోలేదు. ఇంకా యాభై గ్రాములు తగ్గింది. సుఖ్‌బతీ రెండోసారి తూచింది. దానయ్య తక్కెడ ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూశాడు, కొక్కెం చూశాడు. తక్కెడలో తప్పేమీ లేదు. పాప ఏడుపు కూడా ముందున్నంత గట్టిగా లేదు.

"మూడు రోజులాగి వస్తాను" అంది సుఖ్‌బతీ. "అప్పటికీ ఎక్కకపోతే పెద్దాసుపత్రిలో చేర్చాలి. ఈలోగా డల్‌గా పడుంటే ఆగకండి, వెంటనే తీసుకెళ్ళండి." ఊర్మిళ వైపు తిరిగింది. "నువ్వేం తింటున్నావు బేటీ? నీళ్ళు ఎన్నిసార్లు తాగుతున్నావు?"

ఊర్మిళ తండ్రి వైపు ఒకసారి చూసింది. "సరిపడా తాగుతున్నాను దీదీ" అంది హిందీలో.

ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. సుఖ్‌బతీ అవి చూసి, తనకు మంచినీళ్ళు కావాలని దానయ్య వెనకే వంటగదిలోకి వచ్చింది. అతను చెంబుతో ఇస్తుంటే, గట్టు మీద పళ్ళెం మూతపెట్టిన గ్లాసు చూసింది.

"ఇది ఎవరికి?"

"అమ్మాయికి. సాయంత్రానిది."

"పొద్దుటిది?"

"ఇంతే. ఇదే గ్లాసు."

సుఖ్‌బతీ చెంబెత్తి ఆగకుండా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. "పొద్దున్నుంచి నేను నీళ్ళు తాగిన ఆరో ఇల్లు ఇది భయ్యా. నాకు పాలివ్వాల్సిన పిల్ల కూడా లేదు."

"మా ఆచారం దీదీ" అన్నాడు దానయ్య. "దీని తల్లి కూడా ఇలాగే ఉంది."

"మా ఇళ్ళల్లో ఆరో రోజున వేళ్ళూ దినుసులూ వేసి కాంకే పానీ కాస్తాం. వీధి వీధంతా తాగుతారు, బాలింత అందరికన్నా ఎక్కువ తాగుతుంది. సరే, ఎవరి ఆచారం వాళ్ళది. దీని తల్లి ఇలాగే ఉందన్నావు. నువ్వు చూశావా?"

దానయ్య చెంబు అందుకుని గట్టు మీద పెట్టాడు. ఊర్మిళ పుట్టినప్పుడు అతను ఉర్లాలో డబుల్ డ్యూటీలు చేస్తున్నాడు. ఇరవయ్యొకటో రోజున ఒక చీర పట్టుకుని వెళ్ళి, మర్నాడు సాయంత్రం బండికి తిరిగొచ్చేశాడు. త్రివేణి ఆ ఇరవై రోజులూ ఏం తిందో, ఏం తాగిందో అతను చూడలేదు. ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

సుఖ్‌బతీ వెళ్ళాక అక్కకు ఫోను చేశాడు. త్రివేణి వాళ్ళ మేనమామ కూతురే. ఆ పురుడప్పుడు అన్నమ్మ ఆ ఇంట్లోనే ఉంది.

"అప్పా, ఊర్మిళ పుట్టినప్పుడు త్రివేణికి నీళ్ళు ఎన్ని ఇచ్చీవారు?"

"సెప్పినాను కదరా. రెండు గళాసులు."

"ఇచ్చింది సరే. తాగింది ఎంత?"

అటువైపు దూరంగా ఎవరిదో కోడి కూస్తోంది.

"ఇప్పుడవన్నీ నీకెందుకురా?"

"పాప తూకం తగ్గిపోతోంది అప్పా. ఆసుపత్రిలో ఎయ్యాలంటోంది మితానిన్."

"ఉండు ఉండు. ఊర్మిళ నిజంగా రెండే తాగుతోందేటి?"

"నువ్వు చెప్పినట్టే."

"ఓరి నీ అమాయకం కూల" అంది అన్నమ్మ. "నాను సెప్పినట్టు ఎవులు తాగినారురా? మన అత్త చెంబు నిండా నీళ్ళు తెచ్చి మంచం పక్కనెట్టీది. 'ఇవి కాళ్ళు కడుక్కోడానికి, ఎవులూ నోట్లో పోసుకోకండి' అని వీధిలోకి ఇనపడేలాగ అనేసి, పెరట్లోకి ఎల్లిపోయీది. అరగంటకొచ్చి ఖాళీ చెంబు తీసుకెళ్ళి మళ్ళీ నింపీది. ఒక్క మాట అడిగీది కాదు. నా పురుడికి మా అమ్మా అంతే. నీ పెళ్ళాం ఐతే చెంబు సాలక ఓపాలి బిందె దగ్గరికే ఎల్లిపోయింది. నానే సూసినాను. సూసి అటు తిరిగినాను."

"మరి నాకు రెండు గ్లాసులని ఎందుకు చెప్పినావు?"

"పథ్యం అంటే అదే కదరా. అడిగితే అదే సెప్తాం. మిగిలింది సెప్పీది కాదు. ఇంట్లో ఆడది ఉంటే సేసీది. నువ్వున్నావని తెలుసు. నీకు ఇయ్యన్నీ తెలవవన్న సంగతి నాకు తట్టనేదు తమ్ముడా."

దానయ్య ఫోను పెట్టేశాడు. త్రివేణి బిందె దగ్గర వంగి, అటూ ఇటూ చూసి నీళ్ళు ముంచుకోవడం అతనికి కళ్ళకు కట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఆ మాట ఒక్కసారైనా అనలేదు. అని ఉంటే ఇద్దరూ నవ్వుకునేవారు.

పెద్ద చెంబు కడిగి, నిండా నీళ్ళు పోసి లోపలికి వెళ్ళాడు. పాప నిద్రపోతోంది. ఊర్మిళ పాప ముఖం మీద ఈగ వాలకుండా చేత్తో విసురుతోంది. దానయ్య చెంబును మంచం పక్కన పెట్టాడు. అత్తలాగే చెయ్యాలని అతని ఉద్దేశం.

"ఇవి కాళ్ళు కడుక్కోడానికి" అన్నాడు.

ఊర్మిళ చెంబును చూసింది, తండ్రిని చూసింది. "మంచం మీదా?"

అతని వల్ల కాలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, అన్నమ్మ చెప్పిందంతా చెప్పాడు. బిందె సంగతి దగ్గరకు వచ్చేసరికి ఊర్మిళకు నవ్వొచ్చింది. కుట్లు లాగుతుంటే పొత్తికడుపు పట్టుకుని, ఆపుకోలేక నవ్వింది. కార్తీకం తర్వాత ఆ ఇంట్లో ఎవరైనా అలా నవ్వడం అదే మొదలు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని చెంబు ఎత్తింది. సగం తాగి ఊపిరి పీల్చుకుంది. మిగతా సగం తాగింది.

"దాహం ఎప్పటినుంచి?" అన్నాడు దానయ్య.

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజునుంచి."

"మరి అడగలేదేం?"

ఊర్మిళ చెంబు అంచును వేలితో తుడిచింది. "అడిగితే ఇచ్చేసేవాడివి నాన్నా. నాకు తెలుసు. తర్వాత నాకేమైనా అయితే, నీవల్లే అయిందనుకుంటావు. ఆ రోజు అమ్మ ఆసుపత్రి వద్దంటే సరేనన్నావు. ఇప్పటికీ రోజూ అదే తలుచుకుంటున్నావు కదా." పాప గుడ్డ సరిచేసింది. "పాలకి నీళ్ళకి లింకుందని తెలిస్తే మొదటి రోజే అడిగేదాన్ని. దీనికోసం అడిగేదాన్ని. నాకోసమైతే ఓర్చుకోవచ్చులే అనుకున్నాను."

పద్నాలుగు రోజులుగా తనే ఆమెను కనిపెట్టుకుని ఉన్నాననుకున్నాడు దానయ్య. ఖాళీ చెంబు అందుకున్నాడు.

"ఇకనుంచి అడుగు" అన్నాడు.

"అడుగుతాను. ఆ కూలర్ కూడా వెయ్యి."

అతను లేచి తాడు విప్పాడు. గాలి గోడకు తగిలేలా కూలర్ మూతి తిప్పాడు.

ఆ మూడు రోజులూ పప్పు వండాడు, చారు పెట్టాడు, పెరుగు తెచ్చాడు. ఊర్మిళ పాలిచ్చే ముందు ఒక గ్లాసు, ఇచ్చాక ఒక గ్లాసు తాగింది. పాప వదిలేసి నిద్రలోకి జారితే అరికాలు గిలిగించి లేపింది, మళ్ళీ పట్టించింది. విసుక్కోలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి పాప ఏడుపు పక్కింటికి వినబడింది. మూడో రోజు పొద్దున ఒక్క పూటలోనే నాలుగు గుడ్డలు తడిసినా, ఉతుకుతున్న దానయ్యకు ఎంత మాత్రం బరువనిపించలేదు.

సుఖ్‌బతీ చెప్పిన వేళకే వచ్చింది. తక్కెడ గుమ్మానికి తగిలించింది. పాప జోలెలో కాళ్ళు తన్నుతుంటే ముల్లు అటూ ఇటూ ఊగింది. రెండున్నర దాటింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ దాటింది.

"రెండు కిలోల ఐదు వందల డెబ్బై" అంది సుఖ్‌బతీ. "మూడు రోజుల్లో నూట ఇరవై ఎక్కింది. ఆసుపత్రి అక్కర్లేదు. రొమ్ము పాలే ఇవ్వు బేటీ, డబ్బా మాటే వద్దు."

"ఇంకోసారి తూచండి దీదీ" అన్నాడు దానయ్య. "ముల్లు ఊగుతోంది."

"చాలు నాన్నా" అంది ఊర్మిళ. అప్పటికే జోలెలోంచి పాపను తీసేసుకుంది. "దీనికి ఆకలేస్తోంది." కొలత ఎంతో రెండోసారి అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది. గోడ పట్టుకోలేదు.

అతను అటే చూస్తుండగా ఫోను మోగింది. అన్నమ్మ. తూకం చెబితే, అటువైపు ఆమె ముక్కు చీదడం వినబడింది. తర్వాత గొంతు సర్దుకుంది.

"సరే ఇను. నాలుగు రోజుల్లో ఇరవయ్యొకటోది వస్తాది. ఉయ్యాల్లో ఎయ్యాల. ఆ పొద్దు ఊర్మిళకి ఏటి పెట్టాలో, ఏటి పెట్టకూడదో సెప్తాను, రాసుకో."

"ఉండప్పా" అన్నాడు దానయ్య. "ఇప్పుడు పాలిస్తోంది. ఊర్మిళని అడిగి నీకు చెప్తాను."