గట్టిగా దగ్గు అన్నయ్యా

అద్దం పగిలితే ఇంత చప్పుడవుతుందా, చెయ్యి తెగినట్టుంది, తెగనీ, అన్నయ్యే పోయాక ఈ చేతికేమైతేనేం, అనుకుంటూ తమ్ముడు సెలైన్ సీసా వేలాడదీసే ఇనుప స్టాండు పీకి ఎమర్జెన్సీ గది తలుపు మీద రెండో దెబ్బ వేశాడు, వెనక పాతికమంది, ఎవరో ఏమిటో తెలియదు, అందరూ వీడియో చూసి ఊగిపోతూ వచ్చినవాళ్లే, పొద్దున వదిన తోడబుట్టినవాడు తలుపు సందులోంచి తీసి పెట్టిన వీడియో, మంచం మీద అన్నయ్య నోరు తెరుచుకుని పడి ఉంటే డాక్టరూ నర్సులూ చేతులు పైకెత్తి ఒక్కసారిగా వెనక్కి తప్పుకున్నారు, అంతే, ప్రాణం పోతుంటే వదిలేశారు చూడండి అని దాని కింద రాశాడు, ఊరంతా చూసింది, గుండెకి కరెంటు షాక్ ఇచ్చేటప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు సార్, అందుకే తప్పుకున్నాం అని నర్సు మొత్తుకుంటోంది, ఎవడు వింటాడు, కళ్లారా చూశాక కూడా కథలా.

డాక్టరు బల్ల కిందికి దూరబోతుంటే కాలర్ పట్టి బయటికి లాగాడు, ఇంకా మీసాలు సరిగా రాని కుర్ర డాక్టరు, వాడికి ఒక్కటిచ్చాడు, ముక్కులోంచి రక్తం చొక్కా మీదికి కారింది, ఎంత హాయిగా ఉంది, ఇంకొకటి, వాడి మోచెయ్యి పటుక్కుమంది, ఫోన్లన్నీ పైకి లేచాయి, వెయ్యన్నా వెయ్యి అని ఎవడో అరిచాడు, అన్నయ్య ఎప్పుడూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు, సైకిల్ నేర్పుతూ వెనక సీటు పట్టుకుని రోడ్డంతా పరిగెత్తేవాడు, నేను పట్టుకునే ఉన్నానురా చిన్నోడా, భయపడకు, తొక్కు, ఆ గొంతే ఇవాళ పొద్దున సోఫాలో ఛాతీ పట్టుకుని ఏంట్రా ఇది, ఆస్పత్రికి పోదామా అంది, ఉండన్నయ్యా నాకు తెలుసుగా అన్నాడు తను, అమ్మేది ఫోన్లు, అయినా ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో వైద్యమంతా తనదే, గుండెనొప్పి వస్తే ఆగకుండా గట్టిగా దగ్గండి, గుండె దానంతటదే దారికొస్తుంది, పదిమందికీ పంపండి, పంపింది తనే, మా చిన్నోడు సగం డాక్టరు అని మురిసిపోయింది అన్నయ్యే.

దగ్గు అన్నయ్యా, ఇంకా గట్టిగా, కారు తియ్యవయ్యా అని వదిన బతిమాలుతుంటే నువ్వు కంగారుపెట్టకు వదినా అని కసిరాడు, అన్నయ్య దగ్గాడు, చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయినా దగ్గాడు, పెదాలు నీలంగా మారినా తమ్ముడి మాట తీసెయ్యలేక దగ్గాడు, పిచ్చి మహారాజు, ఛీ ఇప్పుడెందుకిదంతా, చంపింది వీడు, వీడే, అని స్టాండు మళ్లీ ఎత్తాడు.

విరిగిన చెయ్యి అడ్డం పెట్టుకుని డాక్టరు అన్నాడు, నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగానండీ, ఇప్పుడేనన్నారు మీరు, అబద్ధం అని తమ్ముడు అరవబోయాడు, శవం దగ్గర్నుంచి లేచొచ్చిన వదిన గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది, గంట దాటింది డాక్టరుగారూ, గంటసేపు దగ్గించాడు అంది, కేక కూడా వెయ్యలేదు, మామూలుగా చెప్పింది, డాక్టరు నోరు మూయించాలని ఎత్తిన స్టాండు ఎత్తినట్టే ఉంది, ఈ నోరు మూస్తే వదిన నోరు, వదిన నోరు మూస్తే, ఇంకెవరున్నారు, ఏ నోరు మూసినా అంతే, అన్నయ్యను చంపింది తనే.